మిగిలిన వంట ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు? ముందు గంటలు లెక్కపెట్టండి

మీరు అడిగినవి మూడు. ఆదివారం మధ్యాహ్నం వండిన చికెన్ కూర ఫ్రిజ్‌లో ఉంది, గురువారం రాత్రికి తినొచ్చా? వాసన, రుచి మారకపోతే భయం లేనట్టేనా? రాత్రంతా పొయ్యి మీదే మర్చిపోయిన అన్నాన్ని పొద్దున్నే పొగలొచ్చేలా వేడి చేస్తే సరిపోతుందా? వరసగా నా జవాబులు: వద్దు, కాదు, అస్సలు సరిపోదు. ఇంతటితో ఆపేస్తే వచ్చే వారం ఇంకో గిన్నె ముందు నిలబడి మళ్లీ ఇదే అనుమానపడతారు కాబట్టి, ఎందుకో కూడా రాస్తున్నా. కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

నేను 22 ఏళ్లుగా వందలమందికి వండే కిచెన్లలో పనిచేస్తున్నా. గత పదేళ్లుగా అయితే గరిటె కంటే థర్మామీటర్ పట్టుకున్నదే ఎక్కువ. ఇంట్లో వండుకునేవాళ్లందరూ అడిగేది ఒకటే, "ఎన్ని రోజులు?" అని. ఫ్రిజ్‌లోకి వెళ్లేముందు అది ఎన్ని గంటలు బయట ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. నిజానికి సగానికి పైగా తేడా అక్కడే వస్తుంది.

ముందు రోజుల సంగతి తేల్చేద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క, వండిన పదార్థాలు దాదాపు ఏవైనా ఫ్రిజ్‌లో 3 నుంచి 4 రోజులు. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటేనే ఈ లెక్క. బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ ఇంకాస్త బిగించి రెండు రోజుల్లో తినేయమంటుంది, అన్నమైతే 24 గంటలే అంటుంది. ఇంకోవైపు అమెరికా హోటళ్లకి వర్తించే ఫుడ్ కోడ్‌లో 5 డిగ్రీల దగ్గర 7 రోజుల వరకు ఉంచుకోవచ్చని ఉంది, అదీ వండిన రోజుని ఒకటో రోజుగా లెక్కపెట్టి. ఇవన్నీ చూసి "వీళ్లకే క్లారిటీ లేదు" అనుకోకండి. బ్యాక్టీరియా దేశాన్ని బట్టి మారదు, ఎంత జాగ్రత్త మిగుల్చుకోవాలన్న లెక్క మారుతుందంతే. హోటల్లో ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజూ రాసిపెడతారు, డబ్బా మీద తేదీ ఉంటుంది, చల్లార్చే పద్ధతి ఉంటుంది. మన ఇంట్లో ఫ్రిజ్ తలుపు రోజుకి ఎన్నిసార్లు తెరుచుకుంటుందో మనకే తెలీదు, అందులో పిల్లలుంటే సరేసరి. అందుకని ఇంటికి ఆ 7 రోజుల లెక్క తెచ్చుకోవద్దు. నేనైతే మూడు రోజులు ధైర్యంగా తింటా, నాలుగో రోజు కొంచెం ఆలోచించి తింటా, ఐదో రోజు ముట్టను. మీ ఆదివారం కూరకి గురువారం మధ్యాహ్నంతోనే నాలుగు రోజులు నిండిపోతాయి.

ఇప్పుడు గంటల సంగతి.

బ్యాక్టీరియా జోరుగా పెరిగేది 4 నుంచి 60 డిగ్రీల మధ్యలో. పొయ్యి మీద నుంచి దించిన గిన్నె చల్లారుతూ ఈ మధ్యభాగంలోంచే దిగాలి, వేరే దారి లేదు. ఎంత త్వరగా దిగితే అంత మంచిది. అందుకే దించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టమంటారు, గదిలో వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ఈ రెండు గంటలు ఎవరో తోచింది చెప్పిన కాకిలెక్క కాదు. 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే ఒక్క బ్యాక్టీరియాని తీసుకోండి, రెండు గంటల్లో అది 64 అవుతుంది. ఏడు గంటలు వదిలేస్తే 20 లక్షలు దాటుతుంది. మొదట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది, ఆఖర్న ఒక్కసారిగా మీద పడుతుంది.

ఒకసారి నా కిచెన్లోనే జరిగింది చెప్తాను. ముప్పై లీటర్ల గిన్నెలో చిక్కటి మాంసం గ్రేవీ, రాత్రి పదిన్నరకి కోల్డ్ రూమ్‌లో పెట్టి మూత బిగించి వెళ్లారు. కోల్డ్ రూమ్ 3 డిగ్రీల దగ్గర బాగానే నడుస్తోంది, చార్టులో రాసి కూడా ఉంది. పొద్దున ఏడింటికి వచ్చి గిన్నె బయట చెయ్యిపెట్టి చూస్తే చల్లగా తగిలింది. పక్కనున్న కుర్రాడు "సూపర్ కూలింగ్ సార్" అన్నాడు. మూత తీసి థర్మామీటర్ సూది మధ్యలోకి దించాను. అంచు దగ్గర 16 డిగ్రీలు, మధ్యలో 41. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నట్టే లెక్క, కానీ లోపల గోరువెచ్చగా, బ్యాక్టీరియాకి కావలసినంత వేడిలో, దాదాపు తొమ్మిది గంటలు గడిచాయి. మొత్తం పారబోశాం. వాసన అద్భుతంగా ఉంది, పారబోస్తుంటే నా చేతికే మనసు రాలేదు.

ఎందుకలా అంటే, చిక్కటి పదార్థం లోపలి వేడి బయటికి రావడానికి పట్టే టైమ్ మందం పెరిగినంతే పెరగదు, మందాన్ని రెండింతలు చేస్తే టైమ్ దాదాపు నాలుగింతలవుతుంది. 5 సెంటీమీటర్ల లోతున పరిచిన కూర గంటన్నరలో చల్లబడితే, అదే కూర 10 సెంటీమీటర్ల లోతుంటే ఆరు గంటలు అడుగుతుంది. అందుకే పెద్ద గిన్నెని అలాగే ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టకుండా లోతు తక్కువున్న డబ్బాల్లోకి సర్దమంటారు. ఇంట్లో నేను చేసేది ఇదీ: తిన్నాక మిగిలింది వెంటనే రెండు మూడు వెడల్పాటి డబ్బాల్లోకి తీసి, మూత కొంచెం వారగా పెట్టి, పొగ తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తా. పూర్తిగా చల్లారాక మూత బిగిస్తా. ఎక్కువ మొత్తమైతే సింకులో చల్లటి నీళ్లు, ఐసు వేసి అందులో గిన్నె కూర్చోబెట్టి గరిటెతో తిప్పుతా, పదిహేను ఇరవై నిమిషాల్లో సగం పని అయిపోతుంది.

"వేడిది పెడితే ఫ్రిజ్ పాడైపోదా" అని ఇప్పుడు ఎవరో ఒకరు అంటారు. వెచ్చగా ఉన్న చిన్న డబ్బా ఒకటి రెండు పెడితే ఏమీ పాడవదు, మోటారు కాసేపు ఎక్కువ తిరుగుతుంది. పెద్ద గిన్నెని పొగలు కక్కుతుండగా పెడితే మాత్రం పక్కనున్న పాలూ గుడ్లూ కూడా వేడెక్కుతాయి, ఆ భయం నిజమే. కానీ "పూర్తిగా చల్లారాకే పెడదాం" అని రాత్రి పదింటికి గట్టు మీద వదిలి పడుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం, మరిగించి వండిందే కదా, అందులో ఇంకా బ్యాక్టీరియా ఎక్కడిది? మరిగితే చాలా రకాలు చచ్చిపోతాయి, నిజమే. కానీ కొన్ని రకాలు కష్టకాలంలో గట్టి గింజలాంటి రూపంలోకి వెళ్లి ముడుచుకుంటాయి, వాటిని స్పోర్లంటారు. 100 డిగ్రీల్లో మరిగినా అవి చావవు, పైగా ఆ వేడికి నిద్ర లేస్తాయి. లేచి చూస్తే పోటీకి ఇంకెవరూ ఉండరు, తిండి మాత్రం కావలసినంత ఉంటుంది. మాంసం కూరల్లో, చిక్కటి గ్రేవీల్లో క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనేది ఇలాగే వస్తుంది. 43 నుంచి 47 డిగ్రీల మధ్య దానికి పండగే, అనుకూలిస్తే పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. నా గ్రేవీ మధ్యలో 41 చూసి గుండె జారింది అందుకే.

అన్నం దగ్గర కథ వేరు, ఇంకా మొండిది. బియ్యంలో, పాస్తాలో, పిండిపదార్థాల్లో బాసిల్లస్ సీరియస్ అనేదాని స్పోర్లు మామూలుగానే ఉంటాయి. వండిన అన్నం గది వేడిలో గంటలకొద్దీ ఉంటే అవి పెరిగి ఒక విషాన్ని తయారుచేస్తాయి. సీరియులైడ్ దాని పేరు. 121 డిగ్రీల్లో గంటన్నర ఉంచినా అది చెక్కుచెదరదని తేల్చారు. మీ పొయ్యి మీద మరిగే నీళ్లు 100 డిగ్రీలే, ఇక పొగలొచ్చేలా వేడిచేస్తే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మీరు చంపేది బ్యాక్టీరియాని, అది వదిలిపెట్టిన విషం గిన్నెలోనే ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. చాలామందికి ఒక రోజులో సర్దుకుంటుంది, అందుకే "ఏదో పడలేదు" అనుకుని వదిలేస్తాం. ప్రతిసారీ అలా జరగదు. 2008లో బ్రస్సెల్స్‌లో 20 ఏళ్ల విద్యార్థి ఒకరు, ఐదు రోజుల క్రితం వండి వంటింట్లో బయటే ఉంచిన స్పగెట్టీని మైక్రోవేవ్‌లో వేడిచేసుకుని తిని, ఆ రాత్రే నిద్రలో చనిపోయారు. ఆ కేసు తర్వాత 2011లో వైద్య పత్రికలో వచ్చింది. ఐదు రోజులు బయట ఉంచడం మరీ విపరీతమే, ఒప్పుకుంటా, కానీ వేడిచేస్తే అన్నీ పోతాయనే నమ్మకం ఎంత బలంగా ఉంటుందో దాన్ని బట్టే తెలుస్తుంది. చేతుల నుంచి, ముక్కు నుంచి ఆహారంలోకి చేరే స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం కూడా ఇలాగే వేడికి లొంగదు. కాబట్టి రాత్రంతా బయటున్న అన్నం పారేయండి. బాధగానే ఉంటుంది, తెలుసు.

ఇక వాసన. మా కిచెన్లో చేరిన ప్రతి కొత్తవాళ్లూ డబ్బా మూత తీయగానే ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. వాసన చూడటం తప్పేమీ కాదు, కాకపోతే అది ఒకవైపే పనిచేస్తుంది. కుళ్లబెట్టే బ్యాక్టీరియా వేరు, జబ్బు చేసే బ్యాక్టీరియా వేరు. పుల్లటి వాసన, జిగట, రంగు మారడం ఇవన్నీ మొదటి రకం పని. రెండో రకం చాలాసార్లు రంగూ రుచీ వాసనా ఏమీ మార్చదు. అందుకని వాసన వస్తే పారేయడానికి అది చాలు. వాసన రాలేదు కాబట్టి తినొచ్చు అనడానికి మాత్రం చాలదు. అన్నట్టు, "కొంచెం నాలిక మీద వేసుకుని చూద్దాం" అనే అలవాటు ఉంటే మానేయండి, అనుమానం ఉన్నదాన్నే కదా రుచి చూసేది.

ఫ్రిజ్ చల్లదనం బ్యాక్టీరియాని చంపదు, నెమ్మది చేస్తుందంతే. అందులోనూ లిస్టీరియా అనేది ఫ్రిజ్‌లో కూడా తాపీగా పెరుగుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి పెద్దగా తెలియకుండానే పోవచ్చు గానీ, గర్భిణులకి అది గర్భస్రావం దాకా తీసుకెళ్లగలదు, వృద్ధులకీ ఇమ్యూనిటీ తగ్గిన వాళ్లకీ ప్రాణం మీదికి తేగలదు. లక్షణాలు బయటపడటానికి కొన్నిసార్లు వారాలు పడుతుంది, ఎప్పుడో తిన్నదాన్ని అప్పుడు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఇంట్లో అలాంటివాళ్లుంటే నా మూడు రోజుల లెక్కని ఇంకా తగ్గించి, రెండో రోజుతో ఆపేయండి. వాళ్లకి పెట్టేముందు లోపలిదాకా మళ్లీ వేడిచేయండి, చల్లగా తీసి అలాగే పెట్టొద్దు.

సరే, మీ ఫ్రిజ్ నిజంగా 4 డిగ్రీల్లో ఉందా? ఒకటి నుంచి ఐదు దాకా అంకెలున్న ఆ నాబ్‌ని నమ్మొద్దు, అవి డిగ్రీలు కావు. ఒక మామూలు ఫ్రిజ్ థర్మామీటర్ కొని, గ్లాసుడు నీళ్లలో వేసి, మధ్య అరలో పెట్టి పడుకోండి. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ అంకె ఎగిరిపడుతుంది, నీళ్లలో ఉంటే ఆహారం ఎంత చల్లగా ఉందో అది చూపిస్తుంది. పొద్దున తలుపు తీయగానే చూడండి. నేను మొదటిసారి మా ఇంట్లో చేసినప్పుడు 9 చూపించింది, ఉద్యోగం ఇదే అయ్యుండి కూడా! చూస్తే తలుపు రబ్బరు ఒక మూల ఊడి ఉంది. తలుపుకీ అంచుకీ మధ్య కాగితం పెట్టి మూసి లాగి చూడండి, తేలిగ్గా వచ్చేస్తే ఆ రబ్బరు పని అయిపోయినట్టే. ఇంకో మాట, తలుపు అరలే ఫ్రిజ్‌లో అన్నిటికంటే వెచ్చటి చోటు, మిగిలిన కూరలు అక్కడ పెట్టొద్దు, లోపలి అరల్లో వెనగ్గా పెట్టండి. గాలి ఆడనంతగా కుక్కేయొద్దు.

ఒక్కో పదార్థం సంగతి త్వరగా చెప్పేస్తా. మాంసం, చికెన్, కూరగాయలు, పప్పులు, సూపులు అన్నీ ఆ 3, 4 రోజుల్లోనే. అన్నానికి నేను పాటించేది బ్రిటన్ వాళ్ల ఒక్క రోజు లెక్క. వండిన చేపలకీ 3, 4 రోజులనే అంటారు గానీ ట్యూనా లాంటి కొన్ని రకాలు పచ్చిగా ఉన్నప్పుడే సరిగ్గా చల్లగా ఉంచకపోతే హిస్టమిన్ అనే రసాయనం పేరుకుంటుంది, అదీ వండితే పోదు, తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి దద్దుర్లొస్తాయి. పెంకుతో ఉడికించిన గుడ్లు ఒక వారం. మయోనీస్ కలిపిన సలాడ్లు 3, 4 రోజులు. తెరిచిన డబ్బా ఆహారాల్లో టమాటా, పండ్లలాంటి పుల్లటివి 5 నుంచి 7 రోజులు, మిగతావి 3, 4 రోజులే, అదీ వేరే గిన్నెలోకి తీసి. ఇంట్లో నూనెలో వేసి ఉంచిన పచ్చి వెల్లుల్లి ఫ్రిజ్‌లోనైనా 4 రోజులు దాటనివ్వకండి, గాలి తగలని ఆ నూనెలో బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరగగలదు. బూజు మెత్తటి పదార్థం మీద కనిపిస్తే పైపైన తీసేసి తినడం కుదరదు, దాని పోగులు లోపలికి దిగి ఉంటాయి. గట్టి చీజ్‌కి మినహాయింపు ఉంది, చుట్టూ 2.5 సెంటీమీటర్లు కోసి పారేసి మిగతాది వాడుకోవచ్చు. పొడితో కలిపిన పసిపిల్లల ఫార్ములా పాలు ఫ్రిజ్‌లో 24 గంటలు, బిడ్డ తాగగా సీసాలో మిగిలినవి మాత్రం దాచొద్దు, అందులో బిడ్డ నోటి తడి కలిసి ఉంటుంది.

మళ్లీ వేడిచేసేటప్పుడు లోపలిదాకా 74 డిగ్రీలు రావాలి. సూపు, గ్రేవీ అయితే కుతకుతా మరగాలి. మైక్రోవేవ్‌తో చిక్కు ఏంటంటే అంచులు నోరు కాలేంత వేడిగా ఉండి మధ్యలో చల్లటి ముద్ద మిగిలిపోతుంది. అందుకే మూత పెట్టి, సగంలో తీసి కలిపి, అయ్యాక ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచి తినాలి. ఎన్నిసార్లు వేడిచేయొచ్చన్న దాని మీద బ్రిటన్ వాళ్లు ఒక్కసారే అంటారు. నా మాట కూడా అదే. డబ్బా మొత్తం తీసి వేడిచేసి, సగం తిని, మిగతా సగం మళ్లీ చల్లార్చడమంటే ఆ 4, 60 మధ్య ప్రయాణం మళ్లీ మొదటినుంచి చేయించడమే. తినేంత మాత్రమే వేరే గిన్నెలోకి తీసుకోండి.

నాలుగు రోజుల్లో తినలేమని ముందే తెలిస్తే, నాలుగో రోజు దాకా ఆగకుండా మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టండి. మైనస్ 18లో బ్యాక్టీరియా పెరగదు, కానీ అప్పటికే పెరిగింది తగ్గదు కూడా. మూడో రోజు సాయంత్రం పెట్టింది, కరిగాక మళ్లీ మూడో రోజు సాయంత్రానిదే. రుచి కోసమైతే 3, 4 నెలల్లో వాడేసుకోండి. కరిగించడం ఫ్రిజ్‌లోనే, గట్టు మీద కాదు. మైక్రోవేవ్‌లో కరిగిస్తే ఆ వెంటనే వేడిచేసి తినేయాలి. ఇంకా, డబ్బా మీద చిన్న టేపు ముక్క అంటించి వండిన రోజు, టైమ్ రాయండి, ఫ్రిజ్‌లో పెట్టిన రోజు కాదు. మా ఇంట్లో మొదట్లో నవ్వారు, ఇప్పుడు మార్కర్ కనబడకపోతే వాళ్లే వెతుకుతున్నారు.

కరెంటు పోతే ఎలా అనేది మీరు అడగలేదు గానీ తర్వాతి ప్రశ్న అదే అవుతుంది. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగమే ఉంటే 24. ఊరెళ్లి వచ్చేసరికి కరెంటు ఎప్పుడు పోయిందో, ఎంతసేపు పోయిందో తెలీదు కదా, దానికి చిన్న ఉపాయం ఉంది. ఒక కప్పులో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లోనే వదిలి వెళ్లండి. వచ్చాక నాణెం పైనే ఉంటే సరే. కప్పు మళ్లీ గట్టిగా గడ్డకట్టి ఉండి నాణెం అడుగున కనిపించిందా, మీరు లేనప్పుడు లోపలున్నదంతా ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, అప్పుడు ఇక వాసన చూడటాలు పెట్టుకోకుండా ఖాళీ చేసేయండి.